శుక్రవారం నోట్‌బుక్కులు

ఫిబ్రవరి పదకొండు, మంగళవారం. ఆ పొద్దున హాస్టల్లో రెండు బ్రెడ్డు ముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు, గ్లాసుడు పలచటి పాలు. పెంకు తీస్తే గుడ్డు లోపల ఇంకా జావలాగే ఉంది. వంటశాల బాయిలరు ఆవిరి సరిగ్గా రావట్లేదేమో అనుకుంది ఆ అమ్మాయి. అనుకుంటూనే చెంచాతో తినేసింది. తరవాత ఎవరు ఎన్నిసార్లు అడిగినా ఆమె ఆ గుడ్డు దగ్గర్నుంచే మొదలుపెట్టేది. అది తినడం అయ్యీ అవకముందే వంటశాల గోడ అవతల పెద్ద చప్పుడైంది, బల్లల మీది గ్లాసులన్నీ ఒక్కసారి ఎగిరి కూర్చున్నాయి.

వంటశాలలోకి ముందు పరిగెత్తినవాళ్ళలో ఆమె ఒకతె. తెల్లటి ఆవిరి తప్ప మొదట ఏమీ కనబడలేదు. ఆవిరి పలచబడ్డాక గచ్చు మీద కూర్చున్న వంటక్క కనబడింది. రెండు చేతులూ ముందుకు చాపి, అవి ఎవరివో అన్నట్టు చూస్తోంది. మోచేతుల దాకా చర్మం లేదు. ఏడవట్లేదు. "అన్నం మాడిపోతోంది, ఎవరైనా చూడండి" అంటోంది.

మధ్యాహ్నానికి నోటీసు బోర్డు మీద యూనివర్సిటీ కాగితం వెలిసింది. వంటమనిషి నిర్లక్ష్యంగా వేడినీళ్ళ గిన్నె మోస్తూ కాలు జారి పడిందట, విద్యార్థులు కంగారు పడనక్కర్లేదట. సాయంత్రానికి ఆస్పత్రి మంచం మీదున్న ఆ మనిషి మీదే నిర్లక్ష్యం కేసు కూడా పెట్టారు.

ఆ అమ్మాయి జర్నలిజం రెండో ఏడాది. ఆ విభాగంలో ఒక అలవాటుంది. చేరిన మొదటి వారంలో తలకో వార్తల బీటు ఇస్తారు, ఆ బీటే మనిషికి పేరైపోతుంది. అమ్మానాన్నలు పెట్టిన పేరు హాజరు పట్టీలో తప్ప మళ్ళీ వినబడదు. కోర్టు వార్తలు రాసేవాడు కోర్టు. ఆటల వార్తలు రాసేవాడు క్రీడలు. ఈమెకు దక్కింది వాతావరణం. పిలవడానికి పొడుగైందని వాన చేశారు. ఏడాదిన్నరగా విభాగం పత్రిక ఎనిమిదో పేజీ అడుగున ఎండెంత, గాలెంత అని నాలుగు లైన్లు రాస్తూ వచ్చింది. గాలి గురించి ఎవరూ వచ్చి గొడవపడరు కాబట్టి ఆమెకు ఆ పని హాయిగానే ఉండేది.

ఆ సాయంత్రం మాత్రం ఆమె కాళ్ళు వంటశాల వెనక్కి నడిచాయి. అక్కడ కుళాయి కింద గిన్నెలు కడిగే పిన్ని ఉంది. పన్నెండు వందల మంది తినే హాస్టల్లో అందరికీ ఆమె పిన్నే. వంటక్కకు స్వయానా తోడికోడలు. అత్త పోయాక మిగిలిన పరుపు ఎవరిదన్న గొడవలో ఇద్దరికీ రెండేళ్ళుగా మాటల్లేవు. ఒకే కప్పు కింద పని చేస్తూ, ఉప్పు కావాలన్నా మూడో మనిషితో అడిగించుకునేవాళ్ళు.

గిన్నె తోమడం ఆపకుండానే పిన్ని చెప్పింది. "దానికీ నాకూ పడదని గోడలకి కూడా తెలుసు. దాని కోసం అబద్ధం చెప్పాల్సిన ఖర్మ నాకేంటి? అది గిన్నే మొయ్యలేదు, కాలూ జారలేదు. బాయిలరు మీది సేఫ్టీ వాల్వుకి మూడు నెలల్నుంచీ ఇనపతీగ బిగించేసి ఉంది. ఆవిరి ఎక్కువైతే పోయే దారి అదొక్కటే. ఆ దారి మూసేస్తే ఎక్కడికి పోతుంది? గొట్టం పగలగొట్టుకుని దాని చేతుల మీదికొచ్చింది."

గిన్నె బోర్లించి, నా పేరు మాత్రం రాయకు తల్లీ, అంది. రాయను పిన్నీ, అంది వాన.

పత్రికలో రాయలేదు. నోట్‌బుక్కులో రాసింది.

అలా రాయకపోతే మార్కులుండవు. విభాగం మాస్టారి నియమం అది. ముప్పై ఏళ్ళుగా పాఠం చెబుతున్న మనిషి, మొదటి రోజు మొదటి మాటగా చెప్పేదదే. పేరు లేని మాట గాలిమాట. చెప్పినవాళ్ళు అడిగితే అచ్చులో పేరు దాచండి, మీ నోట్‌బుక్కులో మాత్రం దాచొద్దు. పేరు, వయసు, పని, చెప్పిన చోటు, చెప్పిన వేళ అన్నీ ఉండాలి. ప్రతి శుక్రవారం నలభై ఒక్క నోట్‌బుక్కులూ ఆయన బల్ల మీదికి చేరాలి. ఎర్రసిరాతో దిద్ది, అంకె వేసి సోమవారం తరగతిలో చూపించి, తన బీరువాలోనే దాచుతాడు, కొత్త వారానికి కొత్తది మొదలవుతుంది. వాన నోట్‌బుక్కులో ఆ వారం పిన్ని పేరు ఇంటి పేరుతో సహా ఉంది. పక్కన మాస్టారు ఎర్రసిరాతో 'బాగుంది' అని రాశాడు. ఆ పిల్లకు ఆయన బాగుంది అనడం అదే మొదటిసారి.

సోమవారం పత్రిక బయటికొచ్చింది. మొదటి పేజీలో వార్త, 'పేరు చెప్పడానికి ఇష్టపడని వంటశాల ఉద్యోగి' అన్న మాటతో. వాన ఎనిమిదో పేజీ నుంచి ఒకటో పేజీకి గెంతిందని తరగతిలో అందరూ చప్పట్లు కొట్టారు. మంగళవారం రిజిస్ట్రారు ఆఫీసు నుంచి ప్యూను వచ్చి, పోయిన వారం నోట్‌బుక్కులు అడిగాడు. మాస్టారు కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. రిటైరు కావడానికి ఇంకా పద్నాలుగు నెలలుంది. నలభై ఒకటీ ఎత్తి ప్యూను చేతిలో పెట్టాడు.

బుధవారం పొద్దున వంటశాల కాంట్రాక్టరు మనిషి గేటు దగ్గరే పిన్నిని ఆపేశాడు. గుర్తింపు కార్డు తీసుకుని, ఇక పనిలోకి రావద్దన్నాడు. కారణం అడిగితే, నువ్వు మంచి కథలు చెబుతావంట, ఇంట్లో కూర్చుని చెప్పుకో, అన్నాడు.

వానకు సంగతి తెలిసింది అన్నాల వేళ. కుళాయి దగ్గర ఇంకెవరో కొత్తామె గిన్నెలు కడుగుతోంది. పిన్నేదీ అని అడిగితే, పక్కన కూరగాయలు తరిగే ఆయన కత్తి ఆపకుండానే, నీకే తెలియాలి, అన్నాడు. అప్పుడు వెలిగింది ఆమెకు. చేతిలో పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అచ్చులో ఎంత జాగ్రత్తగా దాచిందో, మార్కుల కోసం అంత శుభ్రంగా రాసిచ్చింది. దొంగకి తాళం ఇవ్వడం కాదు ఇది, దొంగింటికి వెళ్ళి తాళం ఇచ్చి, రసీదు తీసుకున్నట్టుంది.

మరునాడు రిజిస్ట్రారు పిలుస్తున్నాడని కబురొచ్చింది. వెళ్ళింది. బయట బల్ల మీద కూర్చోమన్నారు. పది నుంచి అయిదు దాకా కూర్చుంది. రేపు రమ్మన్నారు. శుక్రవారం కూర్చుంది, శనివారం కూర్చుంది, సోమవారం కూర్చుంది. ఆ వరండాకి కిటికీ లేదు. ఎదురుగా గోడకు పాత వైస్ ఛాన్సలర్ల ఫొటోలు, ఒకరి పక్కన ఒకరు, ఎవరూ నవ్వట్లేదు. లేచి వెళ్దామంటే పిలిచినప్పుడు లేదంటారేమో. కూర్చుంటే తరగతులు పోతున్నాయి, హాజరు డెబ్బై అయిదు శాతానికి తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు. రెండో రోజు మధ్యాహ్నం ప్యూను ఏమీ మాట్లాడకుండా వచ్చి, ఆమె తల మీది ఫ్యాను స్విచ్చి వేసి వెళ్ళాడు. మూడో రోజు తన టీలో సగం వేరే గ్లాసులో పోసి బల్ల చివర పెట్టాడు. నోట్‌బుక్కులు మోసుకొచ్చింది ఇతనే. అతని మీద కోపం తెచ్చుకోవాలని వాన చూసింది గాని, టీ తాగాక వల్ల కాలేదు.

నాలుగో రోజు సాయంత్రం లోపలికి పిలిచారు. రిజిస్ట్రారు అరవలేదు. కూర్చోమన్నాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. ఒక కాగితం ఆమె వైపు జరిపాడు. అందులో, ఆ వార్త నేను ఊహించి రాసినది, గిన్నెలు కడిగే ఆమె నాతో అసలు మాట్లాడలేదు, మార్కుల కోసం ఆమె పేరు వాడుకున్నాను, అని ఉంది. కింద సంతకానికి జాగా.

"చూడమ్మా, నువ్వు చెడ్డపిల్లవి కాదు. సంతకం పెడితే ఆవిడ తప్పేమీ లేదని తేలిపోతుంది, మరునాడే పనిలోకి తీసుకుంటారు. నీకూ మందలింపుతో సరి. పెట్టనంటావా, ఆవిడ బయటే, నువ్వూ బయటే. ఆవిడ పొట్ట నీ చేతిలో ఉంది. శుక్రవారం పది గంటలకు తెచ్చివ్వు."

వాన కాగితం మడిచి నోట్‌బుక్కులో పెట్టుకుంది. మెట్లు దిగుతుంటే అర్థమైంది, ఎంత నేర్పుగా అల్లిన బోనో. అబద్ధం రాస్తే పిన్నికి పని వస్తుంది, కానీ తీగ సంగతి కట్టుకథ అయిపోతుంది. అప్పుడు నేరమంతా మంచం మీదున్న వంటక్కదే. నిజం రాస్తే పిన్ని ఎప్పటికీ చాడీలు చెప్పిన మనిషిగా మిగిలిపోతుంది, ఊళ్ళో ఏ కాంట్రాక్టరూ ఆమెను గుమ్మం తొక్కనివ్వడు. ఎటు కదిలినా ఒక ఆడమనిషి మెడ మీద కాలు పడుతుంది, ఆ కాలు తనది.

ఇంటికి ఫోను చేస్తే కుట్టుమిషను చప్పుడు ఆపి అమ్మ అంతా విన్నది. ఎవరికీ చెడు జరగకుండా చూసుకో తల్లీ, అని మాత్రం అంది. ఆ మాటకు ఆ కాగితంలో చోటు లేదని అమ్మకేం తెలుసు?

తరగతిలో వాదన రెండు గంటలు నడిచింది. క్రీడలు సంతకం పెట్టేయమన్నాడు, వాళ్ళ నాన్న బస్సు డ్రైవరు, ఉద్యోగం పోవడమంటే ఏంటో ఇంట్లో చూసినవాడు. కోర్టు అలా కుదరదన్నాడు. వార్త రాయడం నేర్పారు గాని, రాసిన వార్తలో మనమే ఇరుక్కుంటే బయటపడ్డం ఏ సిలబసులోనూ లేదని ఒకమ్మాయి అంటే కొందరు నవ్వారు. చివరికి, అడగాల్సింది మనల్ని మనం కాదు, పిన్నిని, అన్నాడు కోర్టు. అంతసేపూ ఎవరికీ తట్టని మాట అదే.

పిన్ని ఇంట్లో లేదు. ఆస్పత్రిలో ఉందన్నారు. వెళ్ళేసరికి వంటక్క మంచం పక్కన స్టూలు మీద కూర్చుని గిన్నెలోంచి అన్నం చెంచాతో పెడుతోంది. వంటక్క చేతులు రెండు తెల్లటి మూటల్లా దిండ్ల మీదున్నాయి. ఇద్దరికీ ఇంకా మాటల్లేవు. చెంచా వస్తే ఈమె నోరు తెరుస్తుంది, చాలనుకుంటే మొహం పక్కకు తిప్పుకుంటుంది. మంచినీళ్ళు కావాలంటే పక్క మంచం ముసలావిడకు చెబుతుంది, ముసలావిడ పిన్నికి చెబుతుంది.

వరండాలో వాన కాగితం చూపించి, అంతా చదివి వినిపించింది. తప్పు నాదే పిన్నీ, నువ్వు ఎలా చెబితే అలా చేస్తాను, అంది. పిన్ని కుళాయి కింద చెంచా కడుగుతూనే ఉంది.

"తప్పు నీదే" అంది చివరికి. "కాదనను. నాకూ పని కావాలి, ఇంట్లో పిల్ల ఉంది, మొగుడు లేడు. కానీ నా మాట అబద్ధమని నువ్వు రాసిస్తే, రేపు ఏ మొహం పెట్టుకుని దీని నోట్లో ముద్ద పెట్టను?"

లోపలికి చూసి గొంతు తగ్గించింది. "నా ఒక్కదాని పేరే ఉంది గనక చాడీ అయింది. ఆ తీగ అక్కడ చూడనివాళ్ళెవరు? పద, రేపు వాళ్ళనే అడుగుదాం."

బుధవారం మధ్యాహ్నం, అన్నాలకూ టీలకూ మధ్య దొరికే గంటన్నర ఖాళీలో, వంటశాల వెనక ఉల్లిపాయ బస్తాల మీద ముప్పై నాలుగు మంది కూర్చున్నారు. వెనక గోడలో విరిగిన చోటు నుంచి పిన్ని లోపలికొచ్చింది. వాన, కోర్టు ఆమె వెనక నిలబడ్డారు.

మొదటి పావుగంట తిట్లే. మీ మార్కుల కోసం మా నోటి కాడ కూడు తీశావు, అంది అన్నం వార్చే ఆమె. చదువుకున్నవాళ్ళు మా దగ్గరకు వచ్చారంటే ఏదో ఒకటి పట్టుకుపోవడానికే, అన్నాడు ఇంకొకాయన. వాన అడ్డు చెప్పలేదు. కోర్టు గొంతు సవరించుకుని, చట్టం ప్రకారం, అని మొదలుపెట్టాడు. నీ పేరేంటన్నారు. కోర్టు అన్నాడు.

"నువ్వు కోర్టువైతే మేం ముద్దాయిలమా? కూర్చో బాబూ కాసేపు."

బస్తాల మీద నవ్వు పుట్టింది. ఆ నవ్వుతో కాస్త వేడి తగ్గింది. పిన్ని కాగితం సంగతి చెప్పి, తీగ చూసినవాళ్ళు చేతులెత్తండి అంది. ఒక్క చెయ్యీ లేవలేదు. అందరూ కాళ్ళ కింది ఉల్లిపొట్టు చూసుకుంటున్నారు. మా పిల్లల్ని నువ్వు సాకుతావా, అన్నారెవరో. మనం పోతే గేటు బయట నూరు మంది నిలబడి ఉంటారు, అన్నారింకెవరో.

అప్పుడు బాయిలరు తాత లేచాడు. నలభై ఏళ్ళుగా ఆ బాయిలర్ల దగ్గరే బతికినవాడు. ఆవిరి హోరుకు ఒక చెవి పోయింది, అందుకని ఎప్పుడూ కాస్త గట్టిగా మాట్లాడతాడు. పేలిన రోజు నుంచీ మాత్రం ఆయన గొంతు ఎవరూ వినలేదు.

"కట్టింది నేను" అన్నాడు.

అందరి తలలూ ఆయన వైపు తిరిగాయి.

"వాల్వు పాడైంది, ఊరికే ఆవిరి వదిలేస్తోంది, మార్చమని మూడుసార్లు చెప్పాను. అన్నం ఆలస్యమవుతోంది, ముందు బిగించు, అన్నాడు కాంట్రాక్టరు. బిగించాను. ఈ చేతుల్తోనే. తప్పని తెలుసు. ఈ వయసులో ఇంకెక్కడికి పోతానని బిగించాను. ఆ పిల్ల చేతులు కాలాక పదిహేను రోజుల్నుంచీ నా చేతులకి ముద్ద అంటట్లేదు." వాన వైపు తిరిగాడు. "రాసుకో అమ్మా. నా పేరు రాసుకో. అచ్చులో కూడా వెయ్యి."

అన్నం వార్చే ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. రెండో బాయిలరుకీ అదే తీగ ఉంది కదా తాతా, అంది.

"ఉంది. ఇవాళ పొద్దున కూడా దాని మీదే వండాం."

ఆ మాటతో వాదన దారి మారింది. ఒక్క మనిషిని తీసేయడం కాంట్రాక్టరుకు చిటికెలో పని, ముప్పై నాలుగు మందిని తీసేస్తే రేపు పన్నెండు వందల మందికి ఎవడు వండుతాడు? బయట మనుషులు దొరకరా అంటే, దొరుకుతారు గాని, వంటక్క చేతుల సంగతి విన్నాక ఆ బాయిలరు పక్కన నిలబడ్డానికి ఎంతమంది వస్తారో చూద్దాం అన్నాడు కూరగాయలు తరిగే ఆయన. గంటన్నర అయ్యేసరికి మూడు మాటలు తేలాయి. కొత్త వాల్వు వేసేదాకా బాయిలరు వెలిగించేది లేదు. పిన్నిని పనిలోకి తీసుకోవాలి. వంటక్క మీద కేసు తీసేయాలి. నాలుగో మాట పిన్ని చెప్పింది. అందరి మాటలూ, అందరి పేర్లతో, నోట్‌బుక్కుల్లోకి ఎక్కాలి.

గురువారం పొద్దున వంటశాల పొగగొట్టంలోంచి పొగ రాలేదు. నలభై ఒక్క మందిలో ఇరవై తొమ్మిది మంది విద్యార్థులు నోట్‌బుక్కులు పట్టుకుని వచ్చారు. మిగిలిన వాళ్ళను ఎవరూ ఏమీ అనలేదు. బస్తాల మీద, తిరగేసిన గిన్నెల మీద, మెట్ల మీద ఒక్కొక్కరు ఒక్కొక్కరి పక్కన కూర్చుని రాసుకున్నారు. పేరు, వయసు, పని, చెప్పిన చోటు, చెప్పిన వేళ. సంతకం వచ్చినవాళ్ళు సంతకం పెట్టారు, రానివాళ్ళు వేలిముద్ర వేశారు. నలభై ఏళ్ళలో నా వయసు అడిగినవాళ్ళే లేరని బాయిలరు తాత ఒకటికి రెండుసార్లు చెప్పి, ఎంతో తనకే సరిగ్గా తెలియదని నవ్వాడు. సంతకం పెట్టేయమన్న క్రీడలు ఆయన మాట రాసుకుంటున్నాడు.

మధ్యాహ్నం భోజనశాలలో పన్నెండు వందల పళ్ళేలు, వాటిలో బ్రెడ్డూ అరటిపండూ. కేకలు మొదలయ్యాయి. మాకు పరీక్షలున్నాయి, మీ గొడవలకు మా పొట్టలెందుకు మాడాలని ఇంజనీరింగు కుర్రాళ్ళు బల్లలు బాదారు. వాన బల్ల ఎక్కింది. ఏడాదిన్నరలో ఆమె పదిమంది ముందు నోరు విప్పలేదు. కాళ్ళు వణుకుతుంటే కోర్టు బల్ల కాలు గట్టిగా పట్టుకున్నాడు, వణుకు బల్లదేమో అన్నట్టు. ఆమె ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. క్రీడలు నోట్‌బుక్కు తీసుకుని, బాయిలరు తాత చెప్పింది చెప్పినట్టు చదివింది. చదివే కొద్దీ బల్లలు బాదడం తగ్గింది. రెండో బాయిలరుకూ తీగ ఉంది అన్న చోటికి వచ్చేసరికి, అరటిపండు ఒలుస్తున్న చేతులు కూడా ఆగాయి.

ఇందాక బల్ల బాదిన కుర్రాడే లేచాడు. "ఆ తీగ ఇప్పుడుందా అక్కడ?"

"ఉంది" అంది వాన.

"చూడొచ్చా?"

తాత లోపలి తలుపు తీసి పక్కకు తప్పుకున్నాడు. ఆ కుర్రాడు వెళ్ళాడు, వెనక ఇంకొకడు వెళ్ళాడు, తరవాత వరసే. ఒకరి భుజం వెనక ఒకరు వంటశాలలోకి నడిచారు, చల్లారిన బాయిలరు దగ్గర ఆగి తలెత్తి చూశారు. చిటికెన వేలంత వాల్వు పిడి, దాని చుట్టూ మూడు మెలికలు తిప్పిన తుప్పుపట్టిన తీగ. అంతే. చూసి, అవతలి తలుపులోంచి బయటికి వచ్చారు. అందరూ చూసేసరికి రెండు గంటలు పట్టింది. బయటికి వచ్చిన ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. అది తమ పళ్ళేలకు పదడుగుల దూరంలో ఉంది. ఇంజనీరింగు కుర్రాడు మాత్రం చెయ్యి కడుక్కునే చోట నిలబడి, మొదటి ఏడాది పాఠంలోనే ఉంది ఇది, వాల్వు కట్టకూడదని మొదటి ఏడాదిలోనే చెబుతారు, అని కనబడినవాడికల్లా చెబుతూ ఉండిపోయాడు.

శుక్రవారం పది గంటలకు వాన రిజిస్ట్రారు గదికి వెళ్ళలేదు. సంతకం లేని కాగితం ప్యూను చేతికిచ్చి పంపింది. అతను దాన్ని మడత విప్పి చూసి, ఖాళీ జాగా చూసి, సరేనమ్మా, అని జేబులో పెట్టుకున్నాడు. తరవాత తరగతి దాదాపు మొత్తం, రానని ఆగిపోయిన పన్నెండు మందిలో ఏడుగురితో సహా, వరసగా వెళ్ళి నోట్‌బుక్కులు మాస్టారి బల్ల మీద పెట్టింది. శుక్రవారం కదా సార్, దిద్దండి, అన్నాడు కోర్టు. మాస్టారు నోట్‌బుక్కుల దొంతరనూ, గోడనూ చూశాడు. పత్రిక అచ్చు ఆపమనీ, ఈ వారం నోట్‌బుక్కులు తీసుకోవద్దనీ రాసిన ఉత్తర్వు ఆయన సొరుగులో ఉంది. తీసుకుంటాననీ అనలేదు, వద్దనీ అనలేదు. వాన మొహం వైపు చూడకుండా లేచి వెళ్ళిపోయాడు. పది రోజుల్నుంచీ ఆయన ఆమె మొహం చూడట్లేదు.

పదకొండున్నరకు పోలీసు జీపు వచ్చింది. కాంట్రాక్టరు కోసం కాదు. వాల్వుకు తీగ కట్టింది తానేనని ఒప్పుకున్న మనిషి కోసం. తాత చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చాడు. ముప్పై ముగ్గురూ జీపుకు అడ్డం నిలబడ్డారు. కట్టమన్నవాడిని వదిలి కట్టినవాడిని పట్టుకుపోతారా అని పిన్ని అడిగింది. మాకు ఇచ్చిన కాగితంలో ఈ పేరే ఉంది, అన్నాడు ఇన్‌స్పెక్టరు.

వాన ఆ కాగితం వైపు చూసింది. మళ్ళీ ఒక పేరు. మళ్ళీ తన నోటితోనే పన్నెండు వందల మంది ముందు చదివింది. కళ్ళు తుడుచుకుంటూ తాత దగ్గరకు వెళ్ళింది.

"ఏడవకమ్మా" అన్నాడు తాత, ఎప్పటిలాగే గట్టిగా, అందరికీ వినబడేలా. "పిన్ని పేరు దొంగిలించి రాశావు, నాది నేనే ఇచ్చాను. రెండూ ఒకటి కాదు. నేను లోపలికి పోతాను. ఇంకా ముప్పై మూడు మాటలు బయటున్నాయి. వాటిని ఏ జీపులో ఎక్కిస్తారో చూద్దాం."

ఒక కానిస్టేబులు చేయి పట్టుకుని ఆయన్ని మెల్లగా ఎక్కించాడు, తల తగలకుండా పైన అరచెయ్యి అడ్డం పెట్టాడు. జీపు గేటు దాటేదాకా ఎవరూ కదల్లేదు. దాటాక అన్నం వార్చే ఆమె, ఇంక ఎవరూ ఇళ్ళకు పోవద్దు, అంది. ఎక్కడికి పోదామంటే, నోట్‌బుక్కులెక్కడున్నాయో అక్కడికే, అంది. వాటిని ఈసారి ఎవరూ ఎత్తుకుపోకూడదు.

అలా ముప్పై ముగ్గురూ, ఆ తరగతివాళ్ళూ, ఇంజనీరింగు కుర్రాళ్ళు ఓ యాభై మందీ విభాగం గదికి చేరారు. వంటవాళ్ళు బెంచీల మీద, విద్యార్థులు నేల మీద కూర్చున్నారు. ఆ బెంచీల మీద కూర్చోవడం వాళ్ళకి అదే మొదటిసారి. మధ్యాహ్నం మొదలైన వాదన సాయంత్రం దాకా నడిచింది. శనివారం పదింటికి తాతను కోర్టుకు తెస్తారు. అందరూ నడిచే వెళ్ళాలి, అక్కడ ఇన్‌స్పెక్టరు ముందు ఒక్కొక్కరూ తమ మాట తామే చెప్పాలి, అందరి మాటలూ తీసుకునేదాకా కదలకూడదు. అచ్చు లేకపోతేనేం, ఒక్కో నోట్‌బుక్కుకు పది చేతిరాత కాపీలు తియ్యాలి. అన్ని హాస్టళ్ళ గోడల మీదా పడాలి. కిటికీలోంచి చూస్తే బయట రెండు జీపులున్నాయి, సెక్యూరిటీవాళ్ళు మెట్ల దగ్గర గుమిగూడి ఉన్నారు. గదికి ఒకటే ద్వారం. బయటికి పోతే మళ్ళీ లోపలికి రానివ్వరని అందరికీ తెలుసు. వాన నేల మీద గోడకానుకుని రాస్తూనే ఉంది. భయం పోలేదు. కాకపోతే రిజిస్ట్రారు వరండాలో ఒక్కతే కూర్చున్నప్పటి భయం కాదు ఇది. పక్కన పిన్ని మోకాలు ఆమె మోకాలికి తగులుతోంది.

ఆరున్నరకు మాస్టారు వచ్చాడు. రోజూ ఆ వేళకు గదికి తాళం వేసేది ఆయనే. గుమ్మంలో నిలబడి లోపలికి చూశాడు. కోర్టు లేవబోతుంటే పిన్ని చొక్కా పట్టి కూర్చోబెట్టింది.

"వీటిని తీసుకోవద్దని నాకు ఉత్తర్వు వచ్చింది" అన్నాడు మాస్టారు. ఆయన వాన వైపు చూశాడు, పది రోజుల తరవాత. "మొన్నటివి నేను ఇవ్వాల్సింది కాదమ్మా."

వానకు పరవాలేదు సార్ అనడానికి మనసొప్పలేదు, అది అబద్ధం. కాస్త పక్కకు జరిగి బల్లకు దారి ఇచ్చింది.

ఆయన చేతిసంచీ కుర్చీ పక్కన పెట్టి, బల్ల ముందు కూర్చుని, దొంతరలో పై నోట్‌బుక్కు తెరిచాడు. ఒక పేజీ చదివాడు. రెండో పేజీ చదివాడు. జేబులోంచి కలం తీసి, రాయకుండా మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. మెట్ల మీద బూట్ల చప్పుడు దగ్గరవుతోంది. మాస్టారు లేచి గుమ్మం దాకా నడిచి, వస్తున్నవాళ్ళతో, రాత్రికి ఈ గదిలో నేనున్నాను, ఏమున్నా పొద్దున మాట్లాడదాం, అన్నాడు. తరవాత తలుపు రెక్కలు రెండూ చప్పుడు కాకుండా దగ్గరకు లాగి, లోపల్నుంచి గడియ పెట్టాడు.